ఇందూరు నుంచి కడలి అడుగుకు

మునిగిన ఊళ్ల నీటితో పంట పండించుకున్న జిల్లా నుంచి, మునిగిన ఓడలున్న తీరానికి ఒక ప్రయాణం

ఇందూరు అని పిలుచుకునే నిజామాబాద్ జిల్లాకు సముద్రం లేదు. ఏ దిక్కుకు బయల్దేరినా అల కనిపించాలంటే రాత్రంతా ప్రయాణించాల్సిందే. ఇక్కడి పిల్లలకు పెద్ద నీళ్లంటే శ్రీరాంసాగర్, నిజాంసాగర్, అలీసాగర్. అయినా నీళ్ల కింద ఏముందో తలచుకోవడం ఈ నేలకు కొత్త కాదు. బోధన్‌కు చేరువలోని కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ నది నడుమ ఉన్న పాత రాతి శివాలయం వరదొస్తే మునుగుతుంది, వరద తీస్తే మళ్లీ కనిపిస్తుంది. ఆ గుడిని తడిపిన నది తూర్పుకు సాగి, కోనసీమ దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఆ బంగాళాఖాతం అడుగున ఓడలున్నాయి. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని మునిగిన ఓడ దాకా దిగే స్కూబా డైవింగ్ అంటే చాలామందికి సినిమాలు, అండమాన్ ప్యాకేజీలు గుర్తొస్తాయి. మన తెలుగు తీరంలోనే అలాంటి ఓడ ఉందని, విశాఖ డైవర్లు దాని దగ్గరికి దిగి చూసి వచ్చారని ఇందూరులో తెలిసినవాళ్లు తక్కువ. సెలవు దొరికితే గోవా వెళ్లి అరగంట నీళ్లలో ఫొటోలు దిగి వస్తున్న మన యువతకు ఈ కథ చెప్పాలి. కథ తెలిసి దిగినవాడికీ, తెలియక దిగినవాడికీ నీళ్ల కింద ప్రవర్తనలో తేడా ఉంటుంది.

ఊళ్ల మీద నిలిచిన నీళ్లు

ముందు ఇంటి సంగతి చెప్పుకోవాలి. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో నిజాంసాగర్ పనులు మొదలై 1931లో ముగిశాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఆ జలాశయం కోసం నలభై దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు, బావులు, గుళ్లు, చింతచెట్లు అన్నీ నీటి పాలయ్యాయి. ఆ నీళ్లే కాల్వల వెంట పారి బాన్సువాడ, వర్ని, బోధన్ భూములను వరిమళ్లుగా, చెరకు తోటలుగా మార్చాయి. చెరకు ఉంది కాబట్టే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా అది పేరు మోసింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్లు బారులు తీరిన చోట ఇప్పుడు కదలని యంత్రాలకు తుప్పు పడుతోంది.

గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 42 గేట్లు, 1,091 అడుగుల పూర్తి నీటిమట్టం ఉన్న ఆ జలాశయం కింద కూడా ఊళ్లున్నాయి. ఎండాకాలం నీళ్లు బాగా వెనక్కి తగ్గిన ఏడాది పాత గోడల ఆనవాళ్లు, గుడి రాళ్లు బయటపడతాయి. ముంపు ఊళ్లవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఇదిగో ఇక్కడే మన ఇల్లు అని చూపిస్తారు. అక్కడి ఇటుకను ఎవరూ సరదాకు ఇంటికి తెచ్చుకోరు. అది ఎవరి బతుకు చోటో వాళ్లకు తెలుసు. మునిగిన ఓడ దగ్గరికి వెళ్లేవాడికి కావలసిన మొదటి పాఠం ఇదే. ఆ పాఠం ఇందూరువాళ్లకు వేరేవాళ్లు నేర్పనక్కర్లేదు.

తీరం కింద చరిత్ర

తెలుగు తీరం ఓడల పుట్టినిల్లు, ఓడల శ్మశానం కూడా. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరు 25న వచ్చిన తుపానులో ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. దాదాపు 20 వేల నావలు నాశనమయ్యాయని, మూడు లక్షల మంది చనిపోయారని చరిత్రలో రాశారు. కోరంగి మళ్లీ కోలుకోలేదు. మన గోదావరి మోసుకెళ్లిన ఒండ్రు కింద ఆ నావల చెక్కలు ఎన్ని కప్పబడిపోయాయో లెక్క కట్టడం ఎవరి వల్లా కాదు.

ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే ఊరు. బ్రిటిష్ కాలంలో అది సరుకు ఎగుమతయ్యే రేవు. ఆ తీరానికి ఎదురుగానే ఎస్ఎస్ చిల్కా మునిగి ఉంది. ఒడిశాలోని చిల్కా సరస్సు పేరు పెట్టుకున్న ఆ ఆవిరి ఓడ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. వందేళ్లకు ముందే మంటల్లో చిక్కి ఇక్కడ మునిగింది. తీరానికి మరీ దూరం కాదు, మరీ లోతూ కాదు. విశాఖ డైవర్లు దిగి చూసి వచ్చింది ఈ ఓడనే. దాంతో పాత రేవు ఊరికి కొత్త గుర్తింపు దక్కింది. అలలు, ఇసుక, తుప్పు కలిసి ఓడను చాలావరకు విడదీశాయి. మిగిలిన ఇనుము చేపలకు ఇల్లయింది.

విశాఖ ఎదుటి లోతుల్లో రెండు జలాంతర్గాములున్నాయి. మొదటిది జపాన్‌ది, పేరు ఆర్ఓ-110. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల బిడారు మీద దాడికి వచ్చి, 1944 ఫిబ్రవరి 11న రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమునా, ఆస్ట్రేలియా ఓడలు ఇప్స్‌విచ్, లాన్సెస్టన్‌ల చేతిలో సిబ్బందితో సహా మునిగింది. రెండోది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. అమెరికాలో డయాబ్లో పేరుతో పుట్టి, 1964లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరి, విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు విశాఖ దాకా వచ్చింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించారు. అది ఇంకా విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ పథకం వేశారు. డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి ఘాజీ పేలి మునిగింది. లోపల తొంభైమందికి పైగా ఉన్నారు. నీళ్ల మీద తేలిన శకలాలను చూసి నౌకాదళానికి కబురు చేసింది మత్స్యకారులే.

మన నౌకాదళం ఘాజీని కదిలించలేదు. శత్రువులే అయినా విధి నిర్వహణలో చనిపోయిన నావికుల సమాధి అది. ఆర్ఓ-110 కూడా అంతే. ఈ రెండింటి దగ్గరికి విహారయాత్రలు ఉండవు, ఉండకూడదు. చూడాలన్న కుతూహలం ఉంటే విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విశ్రాంతి తీసుకున్న ఆ జలాంతర్గామిని మరుసటి ఏడాది మ్యూజియంగా తెరిచారు. దాని ఇరుకు గదుల్లో నడిస్తే, ఘాజీలో చివరి క్షణాలు ఎలా గడిచి ఉంటాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పడవ మీద ఒక రోజు

ఓడ డైవ్ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది గాలి బలపడుతుంది, అలలు లేస్తాయి, అడుగున మట్టి కదిలి చూపు తగ్గుతుంది. అందుకే పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నిండా తినకూడదు. రెండు ఇడ్లీలు చాలు. ముందురోజు రాత్రి మందు ముట్టకూడదు. సముద్రం చూడనివాళ్లకు పడవ ఊగిసలాటకే వాంతులొస్తాయి. దూరాన ఆకాశం, నీళ్లు కలిసే గీత మీద చూపు నిలిపితే కొంత నయం. అలవాటు లేనివాళ్లు డాక్టరునడిగి ముందే మాత్ర వేసుకోవడం మంచిది.

పడవ సాధారణంగా మత్స్యకారుల ఫైబర్ బోటే. ఓడ ఎక్కడుందో యంత్రం చూపిస్తుంది, కానీ యంత్రాలు రాకముందే మత్స్యకారులకు ఆ చోటు తెలుసు. వల వేస్తే పట్టుకునే చోటు, చిరిగే చోటు, చేప ఎక్కువగా దొరికే చోటు వాళ్ల లెక్కలో ఉంటుంది. తీరం మీది కొండనూ గుడినీ ఒక వరుసలో, మరో రెండు గుర్తులను ఇంకో వరుసలో పెట్టుకుని, ఆ రెండు వరుసలూ కలిసే చోట పడవ ఆపుతారు. మునిగిన ఓడలను వెతికే వాళ్లు ప్రపంచంలో ఎక్కడైనా ముందు అడిగేది వాళ్లనే.

పడవ ఆగాక లంగరు వేసి తాడు బిగిస్తారు. దిగేదీ, ఎక్కేదీ ఆ తాడు వెంటే. శరీరానికి అతుక్కునే వెట్‌సూటు, ముఖానికి మాస్కు, కాళ్లకు ఫిన్స్, నడుముకు సీసం బరువులు, గాలి నింపి తేలేందుకూ గాలి వదిలి మునిగేందుకూ పనికొచ్చే జాకెట్టు, నోట్లో రెగ్యులేటరు. ఎవరూ ఒంటరిగా దిగరు. జంటగా దిగుతారు. ఒకరి సామాను ఇంకొకరు తడిమి చూస్తారు. సిలిండరు తెరిచి ఉందా, గాలి ఎంతుంది, పట్టీలు బిగిశాయా అని. ఈ రెండు నిమిషాల పరీక్షను చిన్నతనంగా భావించేవాడితో నీళ్లలోకి వెళ్లకూడదు.

నీళ్లలో మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకి చూపితే మనకు బాగుందని అర్థం, డైవర్లకు పైకి వెళ్దామని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నీళ్లలోకి దిగకముందే చేతికి ఇది అలవాటు కావాలి.

మొదటి డైవ్ అయ్యాక గంటసేపు పడవ మీద విశ్రాంతి. మంచినీళ్లు, అరటిపండు, ఒంటికి కాస్త ఎండ. తర్వాత రెండో డైవ్. మధ్యాహ్నానికల్లా ఒడ్డుకు చేరతారు. ఎంత లోతుకు దిగారో, ఎంతసేపున్నారో, ఏం చూశారో ప్రతి డైవరూ పుస్తకంలో రాసుకుంటాడు.

గాలి లెక్క

సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందని మనవాళ్లంతా అనుకుంటారు. ఉండేది మనం రోజూ పీల్చే మామూలు గాలే, గట్టిగా నొక్కి నింపింది. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో నింపితే దాదాపు 2,400 లీటర్ల గాలి. మనిషి ప్రశాంతంగా నిమిషానికి 20 లీటర్లు పీల్చాడనుకుందాం. ఒడ్డున అది రెండు గంటలకు సరిపోతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెండింతలు, గాలి ఖర్చూ రెండింతలు. అదే సిలిండరు గంటకు వస్తుంది. 20 మీటర్ల దగ్గర 40 నిమిషాలకే. అందులోనూ చివరి 50 బార్లు మిగిలి ఉండగానే పైకి రావాలి. భయపడి ఎగశ్వాస తీసేవాడి గాలి ఇంకా ముందే అయిపోతుంది. నిదానం డైవరుకు ప్రాణరక్షణ.

దిగేటప్పుడు ఒత్తిడిని ముందు పసిగట్టేది చెవి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులను సర్దుకుంటూ దిగాలి. నొప్పి వస్తే కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉన్ననాడు అసలు దిగకూడదు. పైకి వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఊపిరి బిగబట్టకూడదన్నది స్కూబాలో మొదటి సూత్రం. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. లోతున రక్తంలోకి చేరిన నత్రజని నెమ్మదిగా బయటికి పోవాలి. గబగబా పైకి తేలితే, సోడా సీసా మూత తీసినట్టు అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో ఎక్కి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు.

ఇనుము మీద ప్రాణం

కొన్ని మీటర్లు దిగేసరికే ఎరుపు రంగు కళ్లకు అందదు. తర్వాత నారింజ, ఆపైన పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. టార్చి వేస్తే ఓడ మీది రంగులన్నీ ఒక్కసారి బయటపడతాయి. నీళ్లలో వస్తువులు అసలు కంటే మూడోవంతు పెద్దగా, కాస్త దగ్గరగా కనిపిస్తాయి. అందుకే కొత్తవాళ్లు అందని ఇనుప దూలాన్ని అందుకోబోతారు. శబ్దం గాలిలోకన్నా నీళ్లలో నాలుగింతల వేగంగా పోతుంది కాబట్టి ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు.

తూర్పు తీరంలో అడుగు ఎక్కువగా ఇసుక, బురద. నదులు తెచ్చే మట్టి వల్ల రాయికి అతుక్కుని బతికే జీవాలకు చోటు తక్కువ. అలాంటి చోట ఒక ఓడ మునిగితే అది గట్టి నేలవుతుంది. ముందు నాచు, తర్వాత ఆల్చిప్పలు, స్పంజికలు, మెత్తని పగడాలు అంటుకుంటాయి. వాటిని తినే చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద గ్రూపర్లు, పగుళ్లలో పాముల్లాంటి మోరే ఈల్స్, విషపు ముళ్లు పరుచుకున్న లయన్‌ఫిష్‌లు వస్తాయి. పుదుచ్చేరి తీరంలో డైవర్లు పాత సామగ్రిని ఉద్దేశపూర్వకంగా ముంచి చేపలకు ఇళ్లు కట్టింది ఈ లెక్కతోనే. శక్కర్‌నగర్‌లో పనిలేక పడి ఉన్న ఇనుముకు తుప్పే మిగిలింది. బారువలో మునిగిన ఇనుము మీద కొన్ని మత్స్యకార కుటుంబాల చేప పెరుగుతోంది. మునిగినదల్లా నష్టం కాదు, మునిగినదాన్ని మరిచిపోవడమే నష్టం.

ఎర్రసముద్రంలో 1941లో బాంబు దాడికి మునిగిన తిస్టిల్‌గార్మ్ అనే బ్రిటిష్ సరుకు ఓడ ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధ డైవింగ్ కేంద్రం. అందులో యుద్ధానికి పంపిన మోటారుసైకిళ్లు, లారీలు ఇంకా ఉన్నాయి. కానీ చాలా వస్తువులను వచ్చినవాళ్లు గుర్తుగా ఊడబీక్కుపోయారు. పడవల లంగర్లు తగిలి ఓడ ఒళ్లు దెబ్బతింది. పేరు వచ్చిన ప్రతి మునిగిన ఓడకూ ఈ ముప్పు ఉంది. వందేళ్లు దాటి నీళ్ల కింద ఉన్నదాన్ని వారసత్వ సంపదగా చూడాలని యునెస్కో 2001 ఒప్పందం చెబుతోంది. చిల్కా ఆ వయసు దాటింది. దానికి ఒక శాశ్వత బోయా కట్టి, ఓడ మీద లంగరు పడకుండా చూస్తే మేలు. బారువ మత్స్యకార యువకులనే గైడ్లుగా తయారుచేస్తే ఊరికి బతుకుదెరువు, ఓడకు కాపలా రెండూ దొరుకుతాయి.

ఈత ఇంటి దగ్గర మొదలవ్వాలి

ఓడ లోపలికి దూరడం వేరే విద్య. ప్రత్యేక శిక్షణ లేనివాళ్లు బయటినుంచే చూడాలి. తుప్పు రేకులు కత్తుల్లా కోస్తాయి, ఫిన్ తగిలితే లేచిన బురదలో దారి కనపడదు. తెగి చిక్కుకున్న వలలు మనిషినీ పట్టేస్తాయి. ఏదీ ముట్టకూడదు, ఏదీ తేకూడదు.

వీటన్నిటికంటే ముందు ఈత. ఒక్క పూట శిక్షకుడి చేయి పట్టుకుని దిగడానికి ఈత రాకపోయినా అనుమతిస్తారు. సర్టిఫికెట్ కోర్సుకు 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. ఇందూరులో ఏటా వేసవి సెలవుల్లో కాల్వల్లో, చెరువుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. నీళ్లలో ఎవరైనా గల్లంతైతే పోలీసులు పిలిచేది మన గంగపుత్రుల గజ ఈతగాళ్లనే. సిలిండరు లేకుండా, మాస్కు లేకుండా, బురద నీళ్లలో చేతులతో తడుముతూ వెతికే వాళ్లకు సరైన పరికరాలు, డైవింగ్ శిక్షణ, బీమా ఇవ్వడం జిల్లా మీద ఉన్న బాకీ. విహారానికి సముద్రం అడుగుకు దిగే విద్య, ప్రాణం కాపాడే వాళ్లకు ముందు అందాలి.

వెళ్లాలనుకుంటే

నాందేడ్–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్ మీదుగా వెళ్తుంది. రోజూ ఉండదు, వారాలు చూసుకుని టికెట్ తీసుకోవాలి. విశాఖ నుంచి బారువ సుమారు 200 కిలోమీటర్లు, సోంపేట దాకా రైలు ఉంది. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు సముద్రం కాస్త నిలకడగా ఉంటుంది. తుపాన్ల కాలంలో ప్రయత్నించవద్దు. వయసు పదేళ్లు నిండాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సలహా లేకుండా దిగకూడదు, గర్భిణులు అసలు దిగకూడదు. ఓపెన్ వాటర్ అనే ఆ సర్టిఫికెట్ కోర్సు మూడు నాలుగు రోజులు పడుతుంది, దాంతో 18 మీటర్ల దాకా వెళ్లవచ్చు. డబ్బు కట్టే ముందు శిక్షకుడి సర్టిఫికెట్ చూడండి, పడవలో అత్యవసర ఆక్సిజన్ ఉందో లేదో అడగండి. సముద్రం బాగాలేదని పడవవాళ్లు ఆ రోజు డైవ్ రద్దు చేస్తే కోప్పడకండి, అలాంటి వాళ్లనే నమ్మండి.

ఈ వేసవిలో పిల్లలకు ముందు ఈత నేర్పించండి. మీ ఇంట్లో నిజాంసాగర్, శ్రీరాంసాగర్ ముంపు ఊళ్లను చూసిన పెద్దలుంటే, వాళ్లు చెప్పేది ఫోనులో రికార్డు చేసి దాచండి. ఆ తర్వాత బారువ వెళ్లండి, చిల్కాను చూడండి, ఒక్క మేకు కూడా తీయకుండా తిరిగి రండి.